చేతులు ఆనించకుండా లేవడం: బైపాస్‌కి ముందు నా ఆరు వారాలు

ఆపరేషన్ అయి ఇవాళ్టికి 38 రోజులు. ఎక్కువసేపు కూర్చుంటే ఛాతీ లాగుతుంది కాబట్టి ఇది మూడు రోజులుగా కొంచెం కొంచెం రాశాను, అక్కడక్కడా వరస తప్పితే ఏమనుకోకండి. బైపాస్ గురించి అడిగితే చెప్పేవాళ్ళు చాలామంది దొరికారు గానీ, బైపాస్‌కి ముందు వ్యాయామం చేయించుకున్నవాళ్ళు నాకు ఒక్కరూ దొరకలేదు. దొరికుంటే ఆ మొదటి వారమంతా అంత భయపడేదాన్ని కాదు. అందుకే రాస్తున్నాను.

ఆగస్టు 4న యాంజియోగ్రామ్ చేశారు. మూడు ప్రధాన రక్తనాళాల్లోనూ అడ్డంకులున్నాయి, షుగర్ కూడా ఉంది కాబట్టి మీకు స్టెంట్ల కంటే బైపాసే మంచిదన్నారు. నాకు 59 ఏళ్ళు. అప్పటికి రెండు నెలలుగా మెట్లెక్కితే ఛాతీ మీద బండ పెట్టినట్టు ఉండేది, నిలబడిపోతే రెండు నిమిషాల్లో తగ్గేది. అలా ఎప్పుడూ ఒకే తీరుగా వచ్చి తగ్గిపోతోంది కాబట్టి, గుండె పంపింగ్ కూడా ఫర్వాలేదు కాబట్టి, రేపే కోయాల్సిన అవసరం లేదన్నారు సర్జన్. మూడు నెలల షుగర్ సగటు 9.2 ఉంది, దాన్ని కొంచెం కిందకి తెచ్చుకోండి, సెప్టెంబర్ 17న పెట్టుకుందాం అన్నారు. అంటే ఆరు వారాలు పైన. ఆ మధ్యలో వారానికి మూడు రోజులు వచ్చి వ్యాయామం చేయాలి అని ఒక కాగితం చేతికిచ్చారు.

ఆ కాగితం చూసి మా ఆయన ముఖం మారిపోయింది. గుండెలో మూడు అడ్డంకులున్న మనిషిని ట్రెడ్‌మిల్ ఎక్కించడమేంటి అని. అప్పటికే ఇంట్లో నన్ను నీళ్ళ గ్లాసు కూడా తెచ్చుకోనివ్వడం లేదు. మా ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, ఆపరేషన్ అయ్యేదాకా మంచం దిగకు, నీకు దండం పెడతాను" అంది. నిజం చెప్పాలంటే నాకూ అదే సరైందనిపించింది. ఉన్న కాస్త ఓపిక దాచుకోవాలి, ఆపరేషన్‌కి అదే కదా కావాలి అనుకున్నాను.

ఆగస్టు 9న పరీక్షలకి రమ్మన్నారు. పొద్దున తొమ్మిదింటికి వెళ్తే బయటికొచ్చేసరికి పన్నెండున్నర అయింది. ఈసీజీ, బీపీ, నేను వాడే మందులన్నీ ఒక్కొక్కటీ చూసి రాసుకోవడం, నొప్పి ఎంత దూరం నడిస్తే వస్తుంది, ఏ చేతిలోకి పాకుతుంది, ఇవన్నీ అడిగారు. తర్వాత ఆరు నిమిషాల నడక. ముప్పై మీటర్ల వరండా, ఆ చివరా ఈ చివరా రెండు గుర్తులు, వాటి మధ్య ఆరు నిమిషాలపాటు నీ శక్తి కొద్దీ తిరుగుతూ ఉండాలి, పరుగెత్తకూడదు. ఆయాసం వస్తే ఆగొచ్చు, గడియారం మాత్రం ఆగదు. ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి నిమిషానికోసారి ఒక మాట చెప్పడం తప్ప పెదవి విప్పలేదు. నాకు కోపం వచ్చింది, నేను అంత కష్టపడుతుంటే ఒక్క ధైర్యం మాటైనా చెప్పదేంటి అని. మాటలతో ఉత్సాహపరిస్తే మనిషి ఎక్కువ నడుస్తాడట, అప్పుడు ఈసారి నడకని మళ్ళీసారి నడకతో పోల్చడం కుదరదట. నేను నడిచింది 290 మీటర్లు, మధ్యలో రెండుసార్లు ఆగాను.

ఆ తర్వాత కుర్చీ. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొత్తం మీద నన్ను నిలబెట్టింది ఇదే.

మామూలు కుర్చీ, వీపు గోడకి ఆనించి పెట్టారు. రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి మళ్ళీ కూర్చోగలిగితే అన్నిసార్లు. చాలా తేలిక అనుకున్నాను. మూడుసార్లు లేచాను. నాలుగోసారి తొడలు వణికాయి, నాకు తెలియకుండానే చెయ్యి కుర్చీ అంచు మీదకి పోయింది. అది లెక్కలోకి రాదంది. మళ్ళీ ప్రయత్నించి సగంలో కూలబడిపోయాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడా అమ్మాయి నా ఎదురుగా స్టూల్ వేసుకుని కూర్చుని చెప్పింది: "అమ్మా, ఆపరేషన్‌లో మీ రొమ్ము ఎముకని నిలువునా కోసి, మళ్ళీ తీగలతో బిగిస్తారు. అది అతుక్కునేదాకా చేతుల మీద బరువేసి లేవకూడదు. మంచం మీద నుంచైనా, కుర్చీలోంచైనా, బాత్‌రూమ్‌లోనైనా అప్పుడు మిమ్మల్ని లేపాల్సింది ఈ తొడలే. అందుకే ఇప్పుడే నేర్పిస్తున్నాం."

అంతకుముందు ఎవరూ నాకు ఇది ఇలా చెప్పలేదు. వ్యాయామం అంటే గుండెని బాగుచేయడానికేమో, ఇంకా గట్టిగా చేస్తే ఆపరేషన్ తప్పుతుందేమో అని లోపల్లోపల ఒక ఆశ కూడా ఉండేది. అలాంటిదేమీ లేదు. అడ్డంకులు అలాగే ఉంటాయి. ఈ తయారీ అంతా ఆపరేషన్ తర్వాత వచ్చే మొదటి పది రోజుల కోసం.

ఆగస్టు 11న మొదటి సెషన్. వెళ్ళగానే బీపీ, పల్స్, వేలు గుచ్చి షుగర్. ఖాళీ కడుపుతో రావద్దని, తిన్న వెంటనే కూడా వద్దని ముందే చెప్పారు. ఛాతీ మీద బిళ్ళలు అంటించి వైర్లు తగిలిస్తారు, అవతల స్క్రీన్ మీద మన గుండె గీత కదులుతూ ఉంటుంది. పది నిమిషాలు ఒళ్ళు వెచ్చబడేలా నెమ్మదిగా కదలడం, ఆ తర్వాత సైకిల్ లేదా ట్రెడ్‌మిల్ నాలుగు నిమిషాలు, రెండు నిమిషాలు విశ్రాంతి, మళ్ళీ నాలుగు నిమిషాలు, అలా మూడు విడతలు. చివర్లో ఇంకో పది నిమిషాలు నెమ్మదిగా తగ్గించుకుంటూ రావాలి. ఒక్కసారిగా ఆపేస్తే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయట. అది అయ్యాక కూడా పావుగంట కూర్చోబెట్టి చూసి గానీ పంపరు. అసలు వ్యాయామం మొదటి వారంలో పన్నెండు నిమిషాలు, దానికోసం రానూపోనూ కలిపి సగం రోజు.

నేను ఊహించని విషయం ఒకటుంది. నాకు ఇచ్చే మందుల్లో గుండె వేగాన్ని పెరగనివ్వనిది ఒకటుంది, మెటోప్రొలాల్. అది వేసుకునేవాళ్ళలో పల్స్ చూసి ఎంత కష్టపడుతున్నారో చెప్పలేరు. అందుకని గోడకి ఒక పట్టిక తగిలించారు, 6 నుంచి 20 దాకా అంకెలు, పక్కన "చాలా తేలిక", "కొంచెం కష్టం" లాంటి మాటలు. బోర్గ్ స్కేల్ అంటారు. ప్రతి రెండు నిమిషాలకీ ఎంత అని అడుగుతారు, మనం అంకె చెప్పాలి. 6తో ఎందుకు మొదలవుతుంది అని అడిగాను. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఆ అంకెని పదితో గుణిస్తే దాదాపు గుండె వేగం వచ్చేలా తయారుచేశారట, 6 అంటే 60 అన్నమాట. నన్ను 11కీ 13కీ మధ్య ఉంచాలని వాళ్ళ లెక్క. మొదటి రోజు నేను ధైర్యంగా కనిపించాలని నిజానికి 14 అనిపిస్తుంటే 11 అని చెప్పాను. అది చాలా తప్పు. దయచేసి ఎవరూ అలా చెప్పకండి, వాళ్ళు చేతిలో పట్టుకునే పగ్గం మన మాటే.

ఆ తప్పుకి ఫలితం ఐదో సెషన్‌లో చూశాను. ఆగస్టు 20. ట్రెడ్‌మిల్ మీద మూడో విడతలో ఛాతీలో ఆ పాత బరువు మొదలైంది. చెప్పనా వద్దా అని ఒక అర నిమిషం ఊరుకున్నాను, చెబితే ఇక రానివ్వరేమో అని. ఆ అమ్మాయి స్క్రీన్ చూస్తూనే మెల్లగా వేగం తగ్గించేసింది, "అమ్మా, నొప్పుందా?" అంది. ఉందన్నాను. కూర్చోబెట్టారు, నాలుక కింద మాత్ర పెట్టారు, ఈసీజీ తీశారు, డాక్టర్ వచ్చారు. నాలుగు నిమిషాల్లో తగ్గిపోయింది కానీ నా చేతులు చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి. బయట కూర్చున్న మా ఆయనకి చెప్పాక ఇంటికెళ్ళేదాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రాత్రి ఇద్దరం నిద్రపోలేదు.

మర్నాడు కార్డియాలజిస్ట్‌ని కలిశాం. మానేద్దామని ఆయనతో చెప్పించుకోవడానికే వెళ్ళాం నిజానికి. ఆయన ఆ రోజు ఈసీజీలన్నీ చూసి, నొప్పి ఎక్కడ మొదలవుతుందో ఇప్పుడు కచ్చితంగా తెలిసింది, ఇకనుంచి దానికి బాగా కిందే ఆపుతారు, కూర్చున్నప్పుడు గానీ నిద్రలో గానీ నొప్పి వస్తే మాత్రం అన్నీ ఆపేసి వెంటనే హాస్పిటల్‌కి రావాలి అన్నారు. రెండు రోజులు విశ్రాంతి ఇచ్చి, మళ్ళీ తక్కువ వేగంతో మొదలుపెట్టారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా నొప్పి రాలేదు. నేనూ అంకె ఒక్కసారి కూడా తగ్గించి చెప్పలేదు.

ఇది అందరికీ చేయించరని కూడా చెప్పాలి. నాతో పాటు ఒక పెద్దాయన వచ్చేవారు, ఆయన గుండెలో రక్తం బయటికెళ్ళే కవాటం బాగా బిగుసుకుపోయింది, నడిస్తే కళ్ళు తిరుగుతున్నాయి. ఆయన్ని ట్రెడ్‌మిల్ దగ్గరకి కూడా రానివ్వలేదు, శ్వాస వ్యాయామం ఒక్కటే. ఆయన అది తనని తక్కువ చేయడం అనుకుని బాధపడ్డారు. అలాంటి కవాటం ఉన్నవాళ్ళకి శ్రమ పెడితే ప్రమాదమని వాళ్ళమ్మాయికి పక్కకి పిలిచి విడమరిచి చెప్పడం నేను విన్నాను. కాబట్టి నా అనుభవం చదివి ఇంట్లో సొంతంగా మాత్రం మొదలుపెట్టకండి.

శ్వాస వ్యాయామం నాకూ ఉంది, రోజూ ఇంట్లో ఇరవై నిమిషాలు. చేతిలో పట్టే చిన్న ప్లాస్టిక్ గొట్టం, లోపల స్ప్రింగ్ ఉంటుంది. ముక్కుకి క్లిప్ పెట్టుకుని నోటితో లోపలికి పీల్చాలి, తగినంత బలంగా పీలిస్తేనే మూత తెరుచుకుని గాలి వస్తుంది, లేకపోతే గోడని పీల్చినట్టే. మొదట నేను ఎంత బలంగా పీల్చగలనో కొలిచి, అందులో 30 శాతం దగ్గర స్ప్రింగ్ బిగించారు. వారం వారం కొంచెం కొంచెం పెంచారు. మొదటి మూడు రోజులూ తల తిరిగింది, దవడలు నొప్పెట్టాయి, చొంగ కారి ఒళ్ళో తుండుగుడ్డ వేసుకోవాల్సి వచ్చింది. తల తిరిగితే తొందరపడుతున్నట్టు, రెండు శ్వాసల మధ్య ఆగండి అని చెప్పాక కుదురుకుంది. మూడు బంతులుండే గొట్టం వేరు, అది ఆపరేషన్ తర్వాత ఇస్తారు, దానికి స్ప్రింగ్ బిగింపు ఉండదు. నేను రెండూ ఒకటే అనుకున్నాను.

ఈ గొట్టం మీద నాకు నమ్మకం కలిగించింది మా అబ్బాయి. ఎక్కడో వెతికి చదివి చెప్పాడు: 2006లో నెదర్లాండ్స్‌లో బైపాస్‌కి ఎదురుచూస్తున్నవాళ్ళలో ఊపిరితిత్తుల సమస్యలు వచ్చే ముప్పు ఎక్కువున్న వాళ్ళ మీద చేసిన పరిశోధన వచ్చిందట, కనీసం రెండు వారాలు ఇలా శ్వాస కండరాలకి శిక్షణ ఇస్తే ఆపరేషన్ తర్వాత అలాంటి ఇబ్బందులు 35 శాతం మందికి బదులు 18 శాతం మందికే వచ్చాయట. అంటే సగానికి సగం. ఆ రోజు నుంచి మా ఆయనే గడియారం పట్టుకుని ఎదురుగా కూర్చునేవారు.

కుర్చీ కూడా రోజూ. పొద్దున ఐదు, మధ్యాహ్నం ఐదు, సాయంత్రం ఐదు. రెండో వారానికి పది పది. దాంతో పాటు ఇంకో మూడు విద్యలు నేర్పారు: మంచం మీద నుంచి లేవడానికి ముందు దుంగలాగా మొత్తం ఒళ్ళు ఒక పక్కకి దొర్లి, కాళ్ళు కిందకి జార్చి, ఆ బరువుతో పైకి రావడం, దగ్గేటప్పుడు దిండుని ఛాతీకి గట్టిగా హత్తుకోవడం, పడుకుని ఉన్నప్పుడు గంటకోసారి పాదాలు పైకీ కిందకీ ఆడించడం. చేస్తున్నప్పుడు చిన్నపిల్లల ఆటలా అనిపించాయి.

ఖర్చు సంగతి. సెషన్లకి కట్టింది మేం భయపడినంత లేదు. ఇబ్బంది పెట్టింది రాకపోకల ఖర్చు, మా ఆయన పెట్టిన సెలవులు. పదిహేను సెషన్లకి పదిహేను సగం రోజులు. ఆ శ్వాస గొట్టం మనమే కొనుక్కోవాలని, మంచి బూట్లు కావాలని ముందు చెప్పలేదు, మొదటి రోజు చెప్పులతో వెళ్తే ఆ రోజు సైకిల్ మాత్రమే చేయించారు.

సెప్టెంబర్ 12న మళ్ళీ అవే పరీక్షలు. నడక 365 మీటర్లు, ఒక్కసారి కూడా ఆగలేదు. కుర్చీలోంచి పదిసార్లు. పదోసారి లేచాక ఆ అమ్మాయి మొదటిసారి చప్పట్లు కొట్టింది. ఆ రోజు నుంచే రక్తం పలుచన చేసే రెండు మాత్రల్లో క్లోపిడోగ్రెల్ ఆపమన్నారు, ఆపరేషన్‌కి ఐదు రోజుల ముందు ఆపాలి, ఆస్పిరిన్ కొనసాగించాలి. ఆ మాత్ర లేకుండా గడిపిన రోజుల్లో నాకున్న టెన్షన్ మాటల్లో చెప్పలేను.

16న అడ్మిట్ అయ్యాను. రాత్రి నుంచి ఏమీ తినలేదు, ఒళ్ళంతా మందు సబ్బుతో స్నానం, గౌను వేసి పొద్దున ఆరింటికే సిద్ధం. పదకొండున్నరకి వచ్చి రాత్రి రెండు ఎమర్జెన్సీ కేసులొచ్చాయి, ఐసీయూలో మంచం లేదు, 23కి మార్చాం అన్నారు. వాళ్ళ ప్రాణాలు ముఖ్యమే, నాకు తెలుసు. కానీ ఆ క్షణంలో పసిపిల్లలా ఏడ్చాను. ఆరు వారాలుగా ఒకే తేదీ మీద మనసు బిగించి ఉంచుకున్నాను. ఎవరైనా ఇలాంటి తేదీకి సిద్ధమవుతుంటే అది మారొచ్చని ముందే అనుకుని ఉండండి, చాలాచోట్ల మారుతుంది. ఇంటికొచ్చాక రెండు రోజులు గొట్టం ముట్టలేదు. మూడో రోజు ఫిజియో అమ్మాయే ఫోన్ చేసింది, "ఇంకో ఆరు రోజులు దొరికాయి కదమ్మా, శ్వాసా కుర్చీ మాత్రం వదలకండి" అని. ఫోన్ పెట్టేసి కుర్చీ లాక్కున్నాను.

23న ఆపరేషన్ అయింది. ఐదున్నర గంటలు పట్టిందట. మెలకువ వచ్చేసరికి నోట్లో గొట్టం, మాట రాదు, చేతులు కదల్చనివ్వరు. ఆ గొట్టం తీసేముందు "లోపలికి గట్టిగా పీల్చండి" అని వినిపించింది. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో, ఒళ్ళు దానంతట అదే పీల్చింది.

మర్నాడు పొద్దున లేపారు. ఛాతీలోంచి రెండు గొట్టాలు, మెడలో ఒకటి, మూత్రానికి ఒకటి. పక్కకి దొర్లండి అన్నారు, దొర్లాను. కాళ్ళు జార్చండి అన్నారు, జార్చాను. ఛాతీ లోపల ఏదో విడిపోతున్నట్టు భయం, నొప్పి కంటే భయమే ఎక్కువ. దిండు రెండు చేతులతో హత్తుకుని కూర్చున్నాను. అటొకరు ఇటొకరు నిలబడ్డారు. మూడు లెక్కపెట్టగానే ముందుకి వంగి, మడమలు నేలకి నొక్కి లేచాను. అంతే. నర్సు "ఇంతకుముందు నేర్చుకున్నారా?" అంది. పక్క మంచం మీదావిడ, పాపం నా వయసే ఉంటుంది, ప్రతిసారీ చేతులు ఆనించబోయి చీవాట్లు తింటోంది, ఆవిడకి ఎవరూ ముందు చెప్పలేదు. ఆవిడని చూస్తే నాకు ఏడుపొచ్చింది.

వ్యాయామం చేస్తే అన్నీ సాఫీగా జరుగుతాయని చెప్పను. మూడో రోజు రాత్రి గుండె గాడి తప్పి టకటకా కొట్టుకుంది, బైపాస్ తర్వాత చాలామందికి వస్తుందట, మందు ఎక్కించాక మర్నాటికి సర్దుకుంది. అది నాకూ తప్పలేదు. బైపాస్ కోసం సిర (రక్తనాళం) తీసిన కాలు ఛాతీ కంటే ఎక్కువ నొప్పెట్టింది, ఇప్పటికీ సాయంత్రానికి వాస్తుంది. కానీ ఊపిరి విషయంలో మాత్రం కఫం బయటికి తెచ్చుకోగలిగాను, జ్వరం రాలేదు, ఆక్సిజన్ రెండో రోజే తీసేశారు. ఐదో రోజు మెట్లెక్కించారు. అక్టోబర్ 1న ఇంటికి పంపారు.

ఇంట్లో సోఫా చాలా కిందకి ఉంది, అందులోంచి లేవలేకపోయాను, ఇది ముందే చూసుకోవాల్సింది. గట్టి పరుపు ముక్క ఒకటి వేసి ఎత్తు చేశాం. బరువులు ఎత్తడం ఇంకా లేదు, తలుపు లాగడం కూడా మా ఆయనే.

నిన్న మళ్ళీ అదే వరండాలో ఆరు నిమిషాలు నడిచాను. 310 మీటర్లు. ఆపరేషన్‌కి ముందు తెచ్చుకున్న 365 ఇంకా రాలేదు, కానీ మధ్యలో ఛాతీ మీద బండ లేదు, అది లేకుండా నడవడం ఎలా ఉంటుందో మర్చిపోయాను. సోమవారం నుంచి మళ్ళీ వారానికి మూడు రోజులు రమ్మన్నారు. ఈసారి బూట్లు ముందే కొనుక్కున్నాను.